బీపీ నార్మలే, పేషెంటే బాగాలేడు

సాయంత్రం ఆరింటికి ఏ సర్జికల్ వార్డులోనైనా టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్) చార్టులు వరసగా తిరగేసి చూడండి. టెంపరేచర్లు రకరకాలుగా ఉంటాయి, పల్స్‌లూ బీపీలూ ఎవరివి వాళ్లవే, కానీ రెస్పిరేషన్ గడిలో మాత్రం వార్డు మొత్తానికీ ఒకటే అంకె కనబడుతుంది: 20. కొన్నిచోట్ల 18. ముప్ఫై మంది కూడబలుక్కుని ఒకే లెక్కన ఊపిరి పీలుస్తున్నట్టు! ఎవరూ లెక్కపెట్టలేదని అందరికీ తెలుసు. బీపీకి మిషన్ ఉంది, టెంపరేచర్‌కి థర్మామీటర్ ఉంది, ఆక్సిజన్‌కి వేలికి తగిలించే క్లిప్ ఉంది, ఊపిరికి మాత్రం పేషెంట్ పక్కన ఒక నిమిషం నిలబడి ఛాతీ వైపు చూడాలి. వార్డు రద్దీలో ఆ నిమిషం దొరకదు. చిక్కేంటంటే, మనిషి లోపల్లోపల దెబ్బతింటున్నప్పుడు అన్నిటికంటే ముందు మారే అంకెల్లో అదొకటి.

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకు రెండో ఏడాదిలో మెడికల్ సర్జికల్ నర్సింగ్ రెండు భాగాలుగా వస్తుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో మార్చిన బీఎస్సీ సిలబస్‌లో దాన్నే అడల్ట్ హెల్త్ నర్సింగ్ అని మూడు, నాలుగు సెమిస్టర్లలో పెట్టారు. పేరేదైనా లోపలి సరుకు అదే. గుండె ఒక చాప్టర్, ఊపిరితిత్తులు ఒక చాప్టర్, కిడ్నీ ఒకటి, మెదడు ఒకటి, ప్రతి జబ్బుకీ నిర్వచనం, కారణాలు, లక్షణాలు, చికిత్స, నర్సింగ్ కేర్. పరీక్ష రాయడానికి ఈ వరస బానే ఉంటుంది, పది మార్కుల ప్రశ్నకి రెండు పేజీలు నిండిపోతాయి. కానీ మంచం మీదున్న మనిషికి చాప్టర్లు ఉండవు. షుగర్ ఉన్నాయన కాలికి పుండుతో వస్తాడు, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది, దాంతో కిడ్నీ దెబ్బతింటుంది, ఆయాసం మొదలవుతుంది. అప్పుడిది ఏ చాప్టర్? వార్డులో నిజంగా పనికొచ్చే వరస ఇంకొకటుంది. కష్టం వచ్చినప్పుడు శరీరం ముందు ఏం చేస్తుంది, ఆ తర్వాత ఏం చేస్తుంది, ఇక చేయలేక ఎప్పుడు చేతులెత్తేస్తుంది. చేతులెత్తేసిన తర్వాత వచ్చే అంకెల్ని ఎవరైనా గుర్తుపడతారు, అటెండర్ కూడా పరిగెత్తుకొచ్చి చెప్తాడు. అంతకంటే ముందు వచ్చేవాటిని పట్టుకోవడమే నర్సు పని.

బీపీ ఎందుకు ఆలస్యంగా పడుతుంది

70 కిలోల మనిషిలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 15 శాతం, అంటే ముప్పావు లీటరు దాకా పోయినా పైకి పెద్దగా ఏమీ తెలియదు. 15 నుంచి 30 శాతం మధ్యలో, అంటే సుమారు లీటరున్నర దాకా పోయినప్పుడు పల్స్ వంద దాటుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషి కాస్త కంగారుగా ఉంటాడు. పై బీపీ మాత్రం ఇంకా మామూలుగానే ఉండొచ్చు. 30 శాతం దాటాకగానీ అది గట్టిగా పడదు. ట్రామా కేసులకు ప్రపంచమంతా వాడే అమెరికన్ సర్జన్ల వర్గీకరణ చెప్పేది ఇదే. అంటే ‘బీపీ బానే ఉంది’ అని నిశ్చింతగా కూర్చున్న సమయంలోనే కడుపులోకి లీటరు పైచిలుకు రక్తం కారిపోయి ఉండొచ్చు.

ఒక చార్టు చూద్దాం, బోధన కోసం అల్లిన ఉదాహరణే, కానీ ఇలాంటివి ఆపరేషన్ అయినవాళ్లని ఉంచే ఏ పోస్టాప్ వార్డులోనైనా కనబడతాయి. పొద్దున కడుపు ఆపరేషన్ అయింది. సాయంత్రం 6కి బీపీ 124/78, పల్స్ 84, ఊపిరి 16. రాత్రి 8కి బీపీ 118/86, పల్స్ 102, ఊపిరి 20. రాత్రి 10కి బీపీ 114/92, పల్స్ 118, ఊపిరి 24, ఆక్సిజన్ 95. మూడు బీపీలనూ విడివిడిగా చూపిస్తే ఏ స్టూడెంటైనా ‘నార్మల్’ అనే అంటుంది. ఇప్పుడు పై అంకెలోంచి కింది అంకె తీసేయండి: 46, 32, 22. ఇదే పల్స్ ప్రెషర్. గుండె ఒక్కో దెబ్బకు నెట్టే రక్తం తగ్గుతోంది కాబట్టి పై అంకె నెమ్మదిగా జారుతోంది, ఆ లోటు పూడ్చడానికి, కష్టకాలంలో శరీరాన్ని అప్రమత్తం చేసే సింపథెటిక్ నరాలు చర్మానికి, పేగులకు, కిడ్నీకి వెళ్లే రక్తనాళాల్ని బిగిస్తున్నాయి కాబట్టి కింది అంకె పెరుగుతోంది. రెండూ దగ్గరైపోతున్నాయి. చర్మానికి రక్తం తగ్గింది కాబట్టి చేతులు చల్లబడి చెమట పడుతుంది, కిడ్నీకి తగ్గింది కాబట్టి మూత్రం తగ్గుతుంది, కణాలకు ఆక్సిజన్ చాలక యాసిడ్ పేరుకుంటోంది కాబట్టి దాన్ని బయటికి ఊదేయడానికి ఊపిరి వేగం పెరుగుతుంది. పుస్తకంలో షాక్ లక్షణాలని పన్నెండు పాయింట్లు రాసి ఉంటాయి చూడండి, అవన్నీ ఈ ఒక్క కథలోంచి పుట్టినవే. కథ తెలిస్తే పాయింట్లు బట్టీ పట్టక్కర్లేదు.

ఇంగ్లండ్‌లో ఈ గొడవంతా చూసే 2012లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే స్కోరు తెచ్చారు, 2017లో దాన్ని సవరించి న్యూస్2 అన్నారు. ప్రతి వైటల్‌కీ కొన్ని మార్కులు, మొత్తం 5 వస్తే డాక్టరు వెంటనే వచ్చి చూడాలి, 7 వస్తే ఎమర్జెన్సీ. పై చార్టులో రాత్రి 10 గంటల అంకెలకు మార్కులు వేసి చూడండి. బీపీకి సున్నా. ఊపిరి 24కి రెండు, పల్స్ 118కి రెండు, ఆక్సిజన్ 95కి ఒకటి, మొత్తం 5. బీపీ ఒక్క మార్కు కూడా ఇవ్వలేదు, అయినా డాక్టర్ని లేపాల్సిన కేసే. అదే చార్టులో ఊపిరి లెక్కపెట్టకుండా అలవాటుగా 20 అని రాసేస్తే స్కోరు 3కి దిగిపోయి అందరూ హాయిగా పడుకుంటారు.

లెక్కపెట్టే పద్ధతి కూడా చిన్న విషయమేం కాదు. ‘మీ ఊపిరి లెక్కపెడుతున్నా’ అని చెప్తే ఏ పేషెంటైనా ఊపిరి మార్చేస్తాడు. అందుకే మణికట్టు పట్టుకుని పల్స్ చూస్తున్నట్టే ఉండి, చేతిని పొట్ట మీదుగా ఆనించి, పైకీ కిందికీ కదిలేది నిమిషం పాటు చూడాలి. అదే సమయంలో చెయ్యి చల్లగా ఉందా, తడిగా ఉందా అనేది కూడా తెలిసిపోతుంది. ఒకే నిమిషంలో మూడు పనులు.

ఈ కథకి మినహాయింపులున్నాయి, అవి తెలియకపోతే బోల్తా పడతారు. ఎటినలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వేసుకునేవాళ్లకి పల్స్ పెరగదు, లోపల రక్తం పోతున్నా 80 దగ్గరే ఉంటుంది. ఎప్పుడూ 170 బీపీతో తిరిగే పెద్దాయనకి 118 వచ్చిందంటే అది నార్మల్ కాదు, పడిపోయినట్టు. కాబట్టి కేస్ షీట్లో ఆపరేషన్ ముందు రాసిన బీపీ ఎంత, ఇంట్లో ఏ మాత్రలు వాడతారు అనేది చూడకుండా ఈ రాత్రి అంకెకి అర్థం చెప్పలేం. ఇక ఆపరేషన్ చేసిన చోటు నుంచి రక్తం, నీరు బయటికి తీసే డ్రెయిన్ ట్యూబు బ్యాగు ఖాళీగా ఉందని రక్తస్రావం లేదనుకోవడం ఇంకో పొరపాటు. గడ్డ కట్టి ట్యూబు మూసుకుపోయినా బ్యాగు ఖాళీగానే ఉంటుంది.

మూత్రం సంగతి. పెద్దవాళ్లకి గంటకి కిలోకి అర మిల్లీలీటరు తగ్గకూడదు, 60 కిలోల మనిషికి 30 మి.లీ. గంట గంటకీ కొలవమని ఆర్డర్ ఉన్నా చాలాచోట్ల డ్యూటీ మారేటప్పుడు యూరోబ్యాగు ఒకసారి ఖాళీ చేసి మొత్తం రాసేస్తారు. ఆరు గంటల్లో 300 వచ్చిందంటే చూడ్డానికి బానే ఉంటుంది, కానీ అందులో మొదటి రెండు గంటల్లోనే 240 వచ్చి, ఆ తర్వాత నాలుగు గంటల్లో 60 మాత్రమే వచ్చి ఉంటే? మొత్తం అంకె ఆ సంగతిని దాచేస్తుంది. మూత్రం తగ్గిందని ఫోన్ చేసే ముందు మాత్రం ట్యూబు ఎక్కడైనా మెలిపడిందా, పేషెంట్ తొడ కింద నలిగిందా, పొత్తికడుపు ఉబ్బి ఉందా అని చూసుకోండి. లేకపోతే అవతలి డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకే సమాధానం ఉండదు.

డెంగీ వార్డులో ప్లేట్‌లెట్ల గోల

వానాకాలం వెళ్తూ వెళ్తూ మన రెండు రాష్ట్రాల్లోనూ మెడికల్ వార్డుల్ని డెంగీతో నింపుతుంది. అప్పుడు వార్డులో అందరి నోటా ఒకటే మాట, ప్లేట్‌లెట్లు ఎంత? పొద్దున 60 వేలు, సాయంత్రం 45 వేలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్, ఒకరు బొప్పాయి ఆకు రసం తెస్తారు, ఇంకొకరు డోనర్ కోసం ఫోన్లు చేస్తుంటారు. నిజానికి డెంగీలో మనిషిని ముంచేది ఎక్కువగా ప్లేట్‌లెట్ల అంకె కాదు, రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా కారిపోవడం. రక్తం బయటికి పోదు, అందులోని నీరు పోతుంది. కాబట్టి ఇక్కడ హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్ర కణాల శాతం, పెరుగుతుంది. ఇంతకుముందు చెప్పిన ఆపరేషన్ పేషెంటుతో పోల్చితే షాక్ అదే, పల్స్ ప్రెషర్ బిగుసుకుపోవడమూ అదే, కారిపోయేది మాత్రం వేరు. 100/80 అని చార్టులో రాసేటప్పుడు చెయ్యి ఆగాలి. తేడా 20, అంటే షాక్ వాకిట్లోకి వచ్చేసింది, పై అంకె వంద ఉన్నా సరే.

ఇంకా తమాషా ఏంటంటే, ఈ ప్రమాదం జ్వరం దిగాకే వస్తుంది. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం తగ్గుతుంది, ఇంట్లోవాళ్లు ‘హమ్మయ్య’ అనుకుని డిశ్చార్జ్ అడుగుతారు, సరిగ్గా ఆ ఒకటి రెండు రోజులే గండం. కడుపులో విడవకుండా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, మగతగా ఉండటం లేదా కుదురుగా పడుకోలేకపోవడం, ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హెచ్చరికలు. వీటిలో సగం పేషెంటుని మాట్లాడిస్తేనే తెలుస్తాయి, ల్యాబ్ రిపోర్టులో ఉండవు. రక్తస్రావం లేనప్పుడు కేవలం అంకె తగ్గిందని ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం చాలామందికి రాదు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి ఇవ్వకూడదు, కండకి చేసే ఇంజెక్షన్లు అసలే వద్దు. పల్లెల్లో జ్వరమంటే నడుముకి ఒక సూది పొడవడం అలవాటు కాబట్టి, అడ్మిషన్ అప్పుడే ‘బయట ఏమైనా ఇంజెక్షన్ చేయించారా’ అని అడిగి నోట్ చేయడం మంచిది.

ఆ గండం దాటాక కథ తిరగబడుతుంది. బయటికి కారిన నీరంతా మళ్లీ రక్తనాళాల్లోకి వస్తుంది, అప్పటికీ సెలైన్ పాత వేగంతోనే ఎక్కుతూ ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. నిన్న ప్రాణం కాపాడిన డ్రిప్ ఇవాళ ప్రమాదం. డ్రిప్ రేటు తగ్గించాలా అని రౌండ్స్‌లో అడగడం స్టూడెంట్ నర్సు హద్దు దాటినట్టేం కాదు.

తల గాయం: లెక్కంతా తలకిందులు

ఇప్పటిదాకా నేర్చుకున్న సూత్రాన్ని పట్టుకుని న్యూరో వార్డుకి వెళ్తే అక్కడ అది ఎదురు తిరుగుతుంది. బైక్ మీంచి పడ్డ కుర్రాడు, రాత్రి 1 గంటకి పల్స్ 56, బీపీ 170/80. పల్స్ తగ్గింది, బీపీ పెరిగింది, ‘బానే ఉన్నాడు, షాక్ లేదు’ అనిపిస్తుంది. పుర్రె లోపల ఒత్తిడి పెరిగి మెదడుకి రక్తం అందడం లేదు కాబట్టి శరీరం బీపీని పైకి తోస్తోంది, ఆ పెరిగిన బీపీని చూసి గుండె వేగం తగ్గిస్తోంది, ఇక మెదడు కాండం నలిగితే ఊపిరి కూడా క్రమం తప్పుతుంది. కుషింగ్ ట్రయాడ్ అని పరీక్షలో రాసేది దీన్నే. కానీ వార్డులో ఇది కనబడిందంటే అప్పటికే చాలా ఆలస్యమైందని అర్థం. తల గాయంలో వైటల్స్ అన్నీ వెనకబడే వస్తాయి, ముందు మారేది స్పృహ.

స్పృహని కొలిచేది గ్లాస్గో కోమా స్కేలు, 1974లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో న్యూరో సర్జన్లు టీస్‌డేల్, జెన్నెట్ తయారుచేశారు. కళ్లు 4, మాట 5, కదలిక 6, మొత్తం 15, కనిష్ఠం 3. మొత్తం ఒక్కటే రాసి వదిలేస్తే సగం సమాచారం పోతుంది. మూడూ విడివిడిగా రాయాలి. 14 నుంచి 12కి దిగితే 12 మంచి అంకే కదా అనుకోకూడదు, రెండు తగ్గడమే వార్త. ఇక్కడ నర్సుకి ఎదురయ్యే అసలు అడ్డంకి వైద్యశాస్త్రంలో లేదు, మంచం పక్క స్టూల్ మీద కూర్చుని ఉంటుంది. ‘ఇప్పుడే నిద్ర పట్టిందమ్మా, లేపకండి’ అంటుంది వాళ్లమ్మ. గుర్రు కూడా పెడుతున్నాడు, చూడ్డానికి హాయిగా ఉంటుంది. తల గాయమైన మనిషి కొత్తగా గుర్రు పెడుతున్నాడంటే నాలుక వెనక్కి పడి శ్వాసనాళం మూసుకుంటోందేమో అని అనుమానించాలి. లేపాల్సిందే, పేరు అడగాల్సిందే, చెయ్యి ఎత్తమనాల్సిందే, టార్చి వేసి కనుపాపలు రెండూ సమానంగా ఉన్నాయా చూడాల్సిందే. ‘నిద్రకీ స్పృహ తప్పడానికీ తేడా లేపితేనే తెలుస్తుందమ్మా, అరగంటకోసారి ఇలా లేపుతూనే ఉంటా, ఏమనుకోవద్దు’ అని ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఆ తల్లి కూడా సాయం చేస్తుంది.

మెడ ఎత్తగలడా

పత్తి, మిర్చి పండే జిల్లాల ఆసుపత్రుల్లో పురుగుమందు కేసులు కొత్తేం కాదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే నోట్లోంచి నురగ, ఛాతీలో గురగుర, కనుపాపలు సూదిమొనంత. దానికి విరుగుడుగా ఎట్రొపిన్ ఇస్తారు. ఎట్రొపిన్ సరిపోయిందా లేదా అనేది కనుపాపల్ని మాత్రమే చూసి చెప్పేవాళ్లు ఎక్కువ, కానీ ముందు చూడాల్సింది ఛాతీ: స్టెత్ పెడితే శుభ్రంగా వినబడాలి, పల్స్ 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు పొడిగా ఉండాలి. మరీ ఎక్కువైతే మనిషి పిచ్చిగా మాట్లాడతాడు, ఒళ్లు కాలిపోతుంది, పొట్ట మీద స్టెత్ పెడితే పేగుల చప్పుడు వినబడదు. అప్పుడు ఎట్రొపిన్ ఆపమని అడగాలి. మందు ఒలికిన బట్టలు తీసేసి ఒళ్లు కడిగేటప్పుడు గ్లౌజులు వేసుకోవడం మర్చిపోవద్దు, అది చర్మంలోంచి కూడా లోపలికి వెళ్తుంది.

ఇదంతా మొదటి రోజు. రెండో రోజో మూడో రోజో పేషెంట్ కూర్చుని ఇడ్లీ తింటుంటాడు, అందరూ గండం గట్టెక్కిందనుకుంటారు. మందు తాగిన 24 నుంచి 96 గంటల మధ్యలో కొందరికి కండరాలు హఠాత్తుగా బలహీనపడి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది, 1987లో శ్రీలంక వైద్యులు దీన్ని వివరించి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. దీని తొలి గుర్తు కనిపెట్టడానికి మిషన్ అక్కర్లేదు. వెల్లకిలా పడుకోబెట్టి దిండు మీంచి తల పైకెత్తమనండి. ఎత్తలేకపోతే, ఎత్తి నిలపలేకపోతే వెంటనే చెప్పాలి. వేలికున్న క్లిప్ అప్పటికి 98 చూపిస్తూనే ఉంటుంది, అది పడేసరికి ట్యూబు వేయడానికి కూడా టైముండదు. పొలంలోనో ఇంట్లో నేల మీద పడుకునో కట్లపాము కాటుకి గురైనవాళ్లలోనూ ఇంతే. ఆ కాటు గుర్తు కూడా సరిగా కనబడదు, తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతుంటాయి. ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు అని ఎంతదాకా లెక్కపెట్టగలరో అడిగి గంట గంటకీ రాసుకోండి. ముప్ఫై దాకా వెళ్లిన మనిషి పదిహేను దగ్గర ఆగిపోతే ఆక్సిజన్ అంకె కోసం ఎదురుచూడొద్దు.

రక్తపింజరి కాటుకి 20 నిమిషాల టెస్టు కూడా నర్సు చేతిలోదే: 2 మి.లీ. రక్తం గాజు ట్యూబులో వేసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూడాలి. గడ్డ కట్టకపోతే విషం ఎక్కినట్టు. ట్యూబు ప్లాస్టిక్‌ది అయినా, సబ్బుతో కడిగింది అయినా మామూలు రక్తం కూడా గడ్డ కట్టకపోవచ్చు, అనవసరంగా యాంటీ వీనమ్ (పాము విషానికి విరుగుడు) ఎక్కించాల్సి వస్తుంది. కొత్తది, పొడిగా ఉన్న గాజు ట్యూబే కావాలి.

నర్సు చేతిలోనే ప్రమాదం ఉండే రెండు మందులు

ఫార్మకాలజీ మొత్తం చెప్పడం ఇక్కడ కుదరదు, రెండింటి దగ్గర ఆగుదాం. మొదటిది ఇన్సులిన్. మన దేశంలో వయల్స్ రెండు రకాలు దొరుకుతాయి, మి.లీ.కి 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. వాటికి తగ్గట్టే సిరంజిలు, ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. 100 యూనిట్ల వయల్లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే అర మి.లీ. వస్తుంది, అంటే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! తిరగేసి, 40 వయల్లోంచి నారింజ మూత సిరంజితో 20 లాగితే 8 యూనిట్లే వెళ్తాయి, షుగర్ తగ్గలేదని రేపు డోసు పెంచుతారు, ఎల్లుండి ఎవరో సరైన సిరంజి వాడతారు, అప్పుడు అసలు ప్రమాదం. ఆర్డర్లో అంకె పక్కన ఇంగ్లిష్ యు అక్షరం ఒక్కటే రాస్తే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అయిపోతుంది కాబట్టి యూనిట్లు అని పూర్తిగా రాయాలి. షుగర్ 70 కంటే తగ్గి, స్పృహలో ఉండి, మింగగలిగితే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, ఇంట్లోవాళ్లు తొందరపడి పోసేస్తారు, గమనించండి.

రెండోది పొటాషియం క్లోరైడ్. 10 మి.లీ. ఆంప్యూల్, 15 శాతంది, అందులో 20 మిల్లీ ఈక్వివలెంట్లు. రక్తంలో లీటరుకి ఉండాల్సింది 3.5 నుంచి 5 మాత్రమే. నేరుగా నరంలోకి తోస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోవచ్చు, అలా తోయకూడదన్న మాటకి ఎప్పుడూ, ఎక్కడా మినహాయింపు లేదు. డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ పక్కన దీన్ని పెడితే నైట్ డ్యూటీలో ఏది ఏదో తెలియదు, అందుకే విడిగా పెట్టే ఆసుపత్రులు తెలివైనవి. వార్డులో మామూలుగా గంటకి 10 మించకుండా, లీటరుకి 40 మించకుండా వెళ్లాలి. అంటే అర లీటరు సెలైన్లో ఒక ఆంప్యూల్ కలిపితే కనీసం రెండు గంటలు. చాలామంది చేసే తప్పు ఏంటంటే, స్టాండుకి వేలాడుతున్న బాటిల్లోకే సూదితో ఎక్కించేయడం. పొటాషియం ద్రావణం బరువైనది, సరిగా కలవకపోతే కిందికి దిగి మొదటి కాసేపు చిక్కగా నరంలోకి పోతుంది. బాటిల్ దించి, డ్రిప్ ఆపి, కలిపి, నాలుగైదు సార్లు తలకిందులు చేసి, పైన లేబుల్ రాసి, అప్పుడు వేలాడదీయాలి. అంతకంటే ముందు మూత్రం వస్తోందా చూడాలి. రాకపోతే ఎక్కించింది బయటికి పోయే దారి లేదు.

ఫోన్‌లో ఏం చెప్పాలి

చూసింది చెప్పడం రాకపోతే పైదంతా దండగ. రాత్రి పదిన్నరకి డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరుకి ఫోన్ చేసి ‘సార్, 12వ బెడ్ పేషెంటుకి ఏదోలా ఉంది’ అంటే, అటు నుంచి వచ్చే ప్రశ్న ‘బీపీ ఎంత?’ అనే. ‘114/92 సార్.’ ‘బానే ఉందిగా సిస్టర్, చూస్తూ ఉండండి.’ ఫోన్ పెట్టేస్తాడు. ఆయన మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, ఆయనకి వినబడింది ఒక్క అంకె, అది కూడా నార్మల్ అంకె.

అదే ఇలా చెప్పి చూడండి: ‘సార్, మేల్ సర్జికల్ నుంచి సిస్టర్ని. 12వ బెడ్, పొద్దున కడుపు ఆపరేషన్ అయిన ఆయన. నాలుగు గంటల్లో పల్స్ 84 నుంచి 118 అయింది, ఊపిరి 16 నుంచి 24 అయింది. బీపీ 114/92, కానీ పల్స్ ప్రెషర్ 46 నుంచి 22కి వచ్చేసింది. చేతులు చల్లగా ఉన్నాయి, గత గంటలో మూత్రం 15, ట్యూబు చూశాను, బానే ఉంది. డ్రెయిన్‌లో ఏమీ రావడం లేదు, పొట్ట కొంచెం ఉబ్బినట్టుంది. లోపల రక్తం పోతోందేమో అని అనుమానంగా ఉంది, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్. ఈలోగా ఇంకో పెద్ద క్యాన్యులా పెట్టి, గ్రూపింగ్‌కి, క్రాస్ మ్యాచ్‌కి రక్తం తీసి పెట్టమంటారా?’ ముప్పావు నిమిషం పట్టదు. ఎవరు, ఎందుకు, ఏం మారింది, ఏమనుకుంటున్నారు, ఏం కావాలి, అన్నీ వచ్చేశాయి. దీన్నే ఎస్‌బార్ (సిట్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమండేషన్) అని క్లాసులో చెప్తారు, క్లాసులో అది నాలుగు అక్షరాల పాఠంలా ఉంటుంది, ఇక్కడ మనిషిని మంచం దగ్గరికి రప్పించే పనిముట్టు.

స్టూడెంట్ అయితే నేరుగా ఫోన్ చేయక్కర్లేదు, ఇవే మాటలు డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సుకి చెప్పాలి. చార్టు చేతిలో పట్టుకుని, 6, 8, 10 గంటల అంకెలు వేలితో చూపిస్తూ చెప్తే ఎవరూ కసురుకోరు. ఒకవేళ కసిరినా మళ్లీ పదిహేను నిమిషాలకి లెక్కపెట్టి మళ్లీ చెప్పండి. డాక్టరు ‘వస్తున్నా’ అని రాకపోతే అరగంట ఆగి చూడటం కాదు, ఆయన పైవాళ్లకి ఫోన్ చేయించాలి. ఫోన్ చేసిన టైము, ఎవరితో మాట్లాడారు, ఏం చెప్పారు, వాళ్లేం ఆర్డర్ ఇచ్చారు అనేవి నర్సెస్ నోట్స్‌లో అప్పటికప్పుడే రాయాలి, తెల్లారి హ్యాండోవర్ ముందు గుర్తు తెచ్చుకుని కాదు.